బల్బులు బాగానే ఉన్నాయి

అతన్ని అందరూ ముల్లు మేస్త్రి అనేవారు. పాత కార్ల డ్యాష్‌బోర్డు మీద గుండ్రటి మీటర్లుంటాయి: వేగానికొకటి, పెట్రోలుకొకటి, ఇంజను వేడికొకటి. వాటిలో ముల్లు మొరాయించిందంటే కారు నేరుగా అతని షెడ్డుకే వచ్చేది. సన్నటి మనిషి, పొడుగాటి వేళ్లు. ఆ చేతిని డ్యాష్‌బోర్డు కిందనుంచి పైకి పోనిచ్చి, చూడకుండానే వెనకున్న తీగల్ని, మరల్ని తడిమి పోల్చుకునేవాడు.

అతన్ని ఈ దారిలో పెట్టింది బావే. తండ్రి పోయేనాటికి మేస్త్రికి పదమూడేళ్లు. అక్కాబావా తమ ఇంటికి తెచ్చుకున్నారు. చదువు ఒంటబట్టలేదు. ఒకరోజు గోడగడియారం మొత్తం విప్పి మళ్లీ బిగిస్తే ఒక చక్రం మిగిలిపోయింది, అయినా గడియారం నడిచింది. అక్క తమ్ముడి వీపు విమానం మోత మోగించబోతే బావ అడ్డుపడ్డాడు.

"ఆగవే. చక్రం మిగిల్చి కూడా నడిపించాడంటే వీడి చేతిలో ఏదో ఉంది."

మర్నాడే తీసుకెళ్లి గడియారాల దుకాణంలో చేర్పించాడు. అక్కణ్ణించి కార్ల మీటర్లకి మళ్లాడు మేస్త్రి.

బావ ప్రెస్సులో ప్రూఫు రీడరు. ముప్పై ఆరేళ్లు అచ్చుతప్పులు పట్టడమే ఆయన పని. ఇంటికి ఆహ్వానపత్రం వస్తే పిలిచిందెవరో చూడకముందే ఎర్ర పెన్సిలు తీసేవాడు. "పోనీలే, ముహూర్తం చూడండి ముందు," అని అక్క మొత్తుకున్నా వినేవాడు కాదు. రిటైరయ్యాక ఆయనకు మిగిలిన సరదా ఒక్కటే, దంతం రంగు పాత కారు. అక్క కుట్టుపని నేర్పే బడి సాయంత్రం ఆరున్నరకి వదిలేస్తారు. రోజూ ఆ వేళకి కారేసుకుని వెళ్లి ఆమెను తీసుకొచ్చేవాడు.

ఒక సాయంత్రం దారిలో షెడ్డు ముందు ఆగి, కారు దిగకుండానే కేకేశాడు.

"ఒరేయ్, మీటర్లు మసగ్గా ఉన్నాయిరా. స్పీడుది ఫరవాలేదు గానీ, పక్కనున్న పెట్రోలు ముల్లు బొత్తిగా కనపడటం లేదు."

"బల్బు పోయుంటుంది బావా. చూస్తాలే."

బయటివాళ్ల కార్లు వరస కట్టి ఉన్నాయి. ఇంటికారు ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. నాలుగు నెలలు గడిచాయి. ఆఖరికి ఒకరోజు పది నిమిషాల్లో పని కానిచ్చేశాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, కిందనుంచి చెయ్యి పెట్టి పాత బల్బులు లాగేసి, కొత్తరకం ఎల్‌ఈడీ బల్బులు గుచ్చాడు. పాత బల్బులు వెలుగుతున్నాయో లేదో చూడలేదు. వాటిని చూడకుండానే చెత్తబుట్టలో పడేశాడు.

"ఇక పట్టపగలే బావా," అన్నాడు.

నెలరోజులు పోయాక బావ నసిగాడు. "ఏమోరా, నాకేం తేడా తెలియడం లేదు."

మేస్త్రికి రోషం వచ్చింది. తన చేతిపనికి వంక పెట్టినవాళ్లు లేరు మరి. ఇంకా వెలుతురిచ్చే బల్బులు తెప్పించి పెట్టాడు. "ఈసారి కూడా కనపడకపోతే కళ్లజోడు మార్చుకో," అని నవ్వాడు. బావ నిజంగానే కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లి మార్చుకున్నాడు. ఆ మధ్యే ఇంటి గేటుకి కారు ఎడమపక్క అద్దం రాసుకుని విరిగింది. "ప్రెస్సులో కామా తప్పిపోనివ్వని మనిషి గేటుని గుద్దేశాడు," అని అక్క అందరికీ చెప్పి నవ్వింది. మేస్త్రి కూడా నవ్వాడు, అద్దం మార్చాడు.

బావ మూడోసారి అడిగేసరికి, మొదట చెప్పిన రోజునుంచి పద్నాలుగు నెలలైంది. ఈసారి మేస్త్రి పంతం పట్టాడు. ఉదయాన్నే కారు షెడ్డులో పెట్టించి, స్టీరింగు పక్క స్క్రూలు తీసి, స్పీడు మీటరు కేబులు ఊడదీసి, మీటర్ల పలక మొత్తం బయటికి లాగాడు. బల్ల మీద పెట్టి బ్యాటరీకి తగిలించాడు. తలుపు దగ్గరగా వేస్తే అన్ని మీటర్లూ దీపాల్లా వెలిగాయి. వంక పెట్టడానికి లేదు.

"రా బావా, చూడు."

బావ వంగి చూశాడు. "స్పీడుది బ్రహ్మాండంగా ఉంది. పెట్రోలుది వెలగలేదుగా?"

మేస్త్రి ఆయన మొహంలోకి చూశాడు. హాస్యమాడటం లేదు.

"ఇప్పుడు చూస్తున్న చోటే చూస్తూ ఉండు. కళ్లు తిప్పకు." అలా అని పలకని నెమ్మదిగా పక్కకి జరిపాడు. పెట్రోలు మీటరు సరిగ్గా బావ చూపు కిందికి వచ్చింది.

"ఆఁ, ఇప్పుడు వెలిగింది!" అన్నాడు బావ సంతోషంగా. "ఎక్కడో తీగ వదులైనట్టుందిరా."

మేస్త్రి పలకకి తగిలించిన బ్యాటరీ తీగ తీసేశాడు. "తీగ కాదు బావా," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె రెండు కళ్లూ చాలాసేపు పరీక్ష చేసి, "ఎప్పణ్ణించి ఇలా?" అని అడిగింది.

"కారులో బల్బులు పోయినప్పణ్ణించి," అన్నాడు బావ అమాయకంగా.

ఆమె మేస్త్రి వైపు తిరిగింది. పద్నాలుగు నెలలని చెప్పాడతను. నీటికాసులని, అంటే గ్లకోమా అని చెప్పిందామె. కంటిలో ఒత్తిడి పెరిగి పక్కచూపు మొదట పోతుంది, మనిషికి తెలియనైనా తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కలమందుతో కాపాడుకోవాలి. "కాస్త ముందే రావలసింది," అంది. ఆమె మందలించినట్టు అనలేదు, అయినా ఆ మాట మేస్త్రికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

బావ కారు తాళం గుంజకి తగిలించేశాడు. పేపరు చదవగలడు, ఎర్ర పెన్సిలూ వదల్లేదు, కానీ ఒంటరిగా రోడ్డు దాటలేడు. సాయంత్రాలు మేస్త్రి షెడ్డు త్వరగా మూసి, బావ మోచెయ్యి పట్టుకుని అక్క బడిదాకా నడిపించుకుని వెళ్లేవాడు. అక్క అతన్ని ఒక్కమాట అనలేదు. అన్నా బాగుండేదనుకున్నాడు.

రెండు నెలలకి ఒకనాడు నడుస్తూ నడుస్తూ చెప్పేశాడు.

"బావా, మొదటిసారి ఆ పాత బల్బులు పాడవలేదేమో. చూడకుండానే పీకి పారేశాను. అవి వెలుగుతున్నాయని ఆరోజే చూసుంటే, తేడా నీ కళ్లలో ఉందని అప్పుడే తెలిసేది."

"నువ్వు బల్బులు మార్చావు, నేను కళ్లజోడు మార్చాను. ఇద్దరం ఒకే తప్పు చేశాం. తప్పులు పట్టడం నా వృత్తి కదరా, నాదే పట్టుకోలేకపోయాను."

"నువ్వు నాకు మూడుసార్లు చెప్పావు బావా."

మూలమలుపు దగ్గర రోడ్డు దాటబోతున్నారు. ఎడమవైపునుంచి గంట కొట్టకుండా ఒక సైకిలు దూసుకొచ్చింది. మేస్త్రి చెయ్యి బిగించి బావని వెనక్కి లాగాడు.

"ఏమైందిరా?"

"సైకిలు."

"ఎక్కడ?" అంటూ బావ తల మొత్తం తిప్పి చూశాడు. అప్పటికే అది వెళ్లిపోయింది.