ఉప్పు వేయని పప్పు

రేపల్లె దగ్గర పల్లెలో మా పెద్దమ్మకు ఎకరం మాగాణి ఉండేది. రొయ్యల చెరువులు తవ్వుకుంటే రాయితీలు ఇస్తామని ప్రభుత్వం అనేసరికి, చుట్టుపక్కల వాళ్లంతా వరి మానేసి చెరువులు తవ్వేశారు. పెద్దమ్మ మాత్రం "ఆ మీసాలూ అవీ, నాకు అసయ్యంరా" అని తన చేలో నారు పోసింది. అసలు కారణం వేరే. పెళ్లయిన దగ్గర్నుంచీ కొన్న బియ్యం తినలేదని ఆవిడకు మహా గర్వం. తెనాలిలో మా ఇంటికి వచ్చినా సంచిలో తన బియ్యం తెచ్చుకునేది.

చెరువుల్లో ఉప్పునీళ్లు మెల్లగా ఆవిడ చేలోకీ, పెరట్లో బావిలోకీ దిగాయి. ముందు టీ విరిగింది. దానికి పాలవాడితో వారం రోజులు పోట్లాడింది, పాపం. సంగతి తెలిశాక వంటలో ఉప్పు మానేసింది. బావినీళ్లు పోస్తే పప్పుకు సరిగ్గా సరిపోయేది. "ఉప్పు డబ్బా కడిగేసి చింతపండు పెట్టుకున్నానురా" అని ఫోన్లో నవ్వేది.

నారు కొనలు ఎండిపోయాక అర్జీ పెట్టింది. బాపట్ల నుంచి ఒక ఆఫీసరు వచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. "రిపోర్టులో నీళ్లు బాగానే ఉన్నాయండి" అన్నారాయన. పెద్దమ్మ గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది.

ఒక గుక్క తాగి, "ఉప్పు కాస్త ఎక్కువైందమ్మా" అన్నారు.

"నేను వెయ్యలేదు బాబూ."

ఆయన గ్లాసు వంక కాసేపు చూసి, మర్యాదకు మొత్తం తాగేశారు. వెళుతూ వెళుతూ, మంచి మనసుతోనే, "మీరూ చెరువు తవ్వించుకోండమ్మా, ఏ గొడవా ఉండదు" అని సలహా ఇచ్చారు. కోపం రావాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. పెద్దమ్మకు రాలేదు.

ఆ పంట పోయింది, మరుసటేడు పంటా పోయింది. ఇంట్లో దాచిన పాత ధాన్యం కూడా అయిపోయాక, చివరికి ఎకరాన్నీ చెరువుకి కౌలుకిచ్చి మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన రోజే వంటగదిలోంచి మా ఆవిడను బయటికి పంపించి, మా కుళాయి నీళ్లతో పప్పు వండింది. పప్పు చప్పగా ఉంది. నేను నోరు తెరవబోతే మా ఆవిడ నా కాలు తొక్కింది. అందరం బుద్ధిగా తింటున్నాం. పెద్దమ్మ తనూ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"అయ్యో, ఉప్పెయ్యలేదురా! అలవాటు తప్పిపోయింది" అని నవ్వింది. మేమూ బతికిపోయామనుకుని నవ్వేశాం. ఉప్పు డబ్బా ఆవిడ ముందుకు జరిపాను.

ఆవిడ డబ్బా వంక చూడలేదు. కంచంలో అన్నాన్ని వేలితో కదిపి, "ఈ బియ్యం ఎక్కడ కొన్నార్రా?" అని అడిగింది.