ఏడో నెలలో గోడ పొక్క

లక్సెట్టిపేటలో మా పడకగదికీ వంటగదికీ మధ్య ఒక గోడ ఉంది. ఇన్వర్టర్ వైరు కోసం కరెంటు పనివాడు ఆ గోడలో పిడికిలి పట్టేంత పొక్క కొట్టాడు. "రేపొచ్చి పూడుస్త సార్" అని పోయినవాడు మళ్లీ మొహం చూపించలేదు. అప్పుడు నా భార్యకు ఏడో నెల. అంతకు ముందు ఒక కడుపు మూడో నెలలోనే పోయింది. అందుకే ఆమె కాస్త గట్టిగా దగ్గినా నన్ను కన్న అవ్వకూ నాకూ గుండె ఆగేది.

నాలుగో రోజు పొద్దున ఆ పొక్కలోంచి తేలు దిగింది, సరిగ్గా మంచం కోడు పక్కన. చెప్పుతో కొట్టి చంపాను. సిమెంటు తెస్తానని లేచాను.

"నువ్వు ముట్టద్దు," అంది అవ్వ. "పెండ్లాం కడుపుతోటున్నప్పుడు మొగడు పొక్కలు పూడ్వద్దు, మేకులు కొట్టద్దు. కాన్పు కష్టమైతది. మేస్త్రి వచ్చి పూడుస్తడు."

"మేస్త్రి పెండ్లికి పోయిండు గదనే! గంతల ఇంకో తేలొచ్చి కుడితేనో?"

"పాత చీర కుక్కిన. జర ఓపిక పట్టు."

తేలుకు పాత చీర అడ్డమా! నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. పైగా బడిలో సైన్సు చెప్పే పంతుల్ని, గ్రహణం పట్టిన రోజున పిల్లలను మైదానంలో నిలబెట్టి ఉప్మా తినిపించినవాణ్ణి. అదంతా ఏకరువు పెట్టాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నీ అసొంటి మూర్ఖులతోనే ఊరు గిట్లున్నది" అని కూడా అరిచాను. అవ్వ మొహం చిన్నబోయింది. చేట పట్టుకుని వాకిట్లోకి పోయింది.

మధ్యాహ్నం అవ్వ పక్కింటికి వెళ్లగానే సిమెంటు కలిపాను. చీర పేలిక లాగేసి, పొక్కలో ఇటుక ముక్కలు పెట్టి, రెండు వైపులా మెత్తాను. నా భార్య మంచం మీద కూర్చుని చూస్తూ, "అత్తమ్మ చూసిందంటే మీ పని అయిపాయె" అని నవ్వింది. నున్నగా వచ్చిందని నేనూ మురిసిపోయాను.

గంట గడవకముందే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి.

అవ్వ పరుగెత్తుకొచ్చింది. కోడలిని లేపి నిలబెడుతూ గోడ వైపు ఒక్కసారి చూసింది, అంతే. తిట్టలేదు. నాలుగు తిట్టినా నాకు కొంత బరువు దిగేది. ఆటోలో ఊళ్లోని ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరమ్మ చూసి, "ఇప్పుడే కాన్పయితే బిడ్డకు కష్టం. ఆపడానికి చూస్తాను" అంది. స్కానింగు కాగితాల ఫైలు అడిగింది. కంగారులో మరిచిపోయాం. నేను అదే ఆటోలో ఇంటికి పరుగెత్తాను.

ఫైలు బీరువాలోనే దొరికింది. చంకన పెట్టుకుని గడప దాకా వచ్చి ఆగిపోయాను. గోడ మీద సిమెంటు ఇంకా తడిగానే ఉంది. గోడకూ గర్భానికీ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. పిల్లలకు బల్ల గుద్ది చెప్పగలను. అంత తెలిసీ స్క్రూడ్రైవర్ అందుకున్నాను. పొడిచాను, తవ్వాను, అది చాలక వేళ్లతో గీకాను. ఇటుక ముక్కలు అవతల వంటగదిలో పడ్డాయి. "తీసేస్తున్న, తీసేస్తున్న, నా బిడ్డనేం చెయ్యకు" అని పైకే అంటున్నాను. ఎవరితో అన్నానో ఇప్పటికీ తెలియదు. బయట ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో ఫైలు ఇచ్చేసి బెంచీ మీద అవ్వ పక్కన కూలబడ్డాను. ఆమె నా చేతులు చూసింది. గోళ్ల నిండా సిమెంటు. గబుక్కున నా చేయి లాక్కుని, సీసాలో నీళ్లతో కొంగు తడిపి, ఒక్కొక్క వేలే తుడిచింది.

"ఎవలన్న చూస్తరు కొడుకా," అంది మెల్లగా.

పొద్దున నేను మూర్ఖురాలన్నది ఈ మనిషినే. సిగ్గుతో చచ్చిపోయాను.

చీకటి పడే వేళకు నొప్పులు తగ్గాయి. అవి కాన్పు నొప్పులు కావని, విశ్రాంతి తీసుకుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. మా పాప నెలలు నిండాకే పుట్టింది.

నొప్పులు తగ్గిన మర్నాడు ఇంటికొచ్చాక నా భార్య గోడను చూసి నిలబడిపోయింది. పొక్క మునుపటికి రెండింతలు అయింది.

"ఇదేంది! నిన్ననే పూడ్సిరి గద?"

అవ్వ అప్పటికే పాత చీర ఉండ చుట్టి పొక్కలో కుక్కుతోంది.

"ఎలుక తోడినట్టున్నది," అంది వెనక్కి తిరగకుండానే.

నా భార్య కింద పడి ఉన్న స్క్రూడ్రైవర్‌ను చూసింది. నన్ను చూసింది.

"ఎలుకకు స్క్రూడ్రైవర్ గూడ ఉన్నదా అత్తమ్మా?"

"సదువుకున్న ఎలుక బిడ్డా," అంది అవ్వ.