నూట నలభై మూడు ఆది జాకెట్లు

రెండువేల ఇరవై మే నెలలో రహిమున్నీసా కుట్టిన మొట్టమొదటి మాస్కు పెట్టుకుని ఆమె భర్త అల్లాబక్షు రేషన్ బియ్యానికి వెళ్ళాడు. మాస్కు ముక్కుకీ గడ్డానికీ చక్కగా అమిరింది. డీలరు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఎవరో ఆనవాలు తెలియట్లేదు, ఒకసారి మాస్కు తియ్యి" అన్నాడు. అల్లాబక్షు తీయబోయాడు. రాలేదు. ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుట్టిన చేతులు అలవాటుకొద్దీ మాస్కుకి కూడా వెనక మూడు హుక్కులూ మూడు కాజాలూ పెట్టేశాయి. వెనక హుక్కులు విప్పాలంటే రెండో మనిషి కావాలి. వరసలో ముందొకడూ వెనకొకడూ ఉన్నారు గానీ, నేల మీద సున్నంతో గీసిన గిరుల్లో ఎవరి గిరిలో వాళ్ళు నిలబడి ఉన్నారు. ఆరడుగులు దాటి రాకూడదని కట్టడి. అల్లాబక్షు ఖాళీ సంచితో ఇంటికొచ్చి, భార్యకి వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె హుక్కులు విప్పింది. ఆయన మూతికి తువ్వాలు కట్టుకుని మళ్ళీ వెళ్ళి బియ్యం తెచ్చుకున్నాడు.

ప్రత్తిపాడు పక్క పల్లెలో రహిమున్నీసా అంటే జాకెట్లు, జాకెట్లంటే రహిమున్నీసా. అయితే ఆ వేసవిలో పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. పెళ్ళి లేకపోతే పట్టుచీర లేదు, పట్టుచీర లేకపోతే జాకెట్టూ లేదు. అల్లాబక్షు బేళ్ళు మోసే పత్తి మిల్లుకి తాళం పడింది. మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడం పెళ్ళయ్యాక అదే మొదలు. మూడో రోజుకే ఇద్దరికీ విసుగొచ్చింది.

అప్పుడు తెలిసింది, లాక్‌డౌన్‌లో పని పోయిన చేతివృత్తుల వాళ్ళకి పదివేలు సాయం ఇస్తున్నారని. కుట్టుపని కూడా అందులో ఉంది. రహిమున్నీసా మనసులో లెక్క చకచకా తేలిపోయింది. సగం ఇల్లు గడవడానికి, సగం మిషనుకి మోటారు పెట్టించడానికి. కాలితో తొక్కీ తొక్కీ ఆమె మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు మిషనుకన్నా ఎక్కువ చప్పుడు చేస్తున్నాయి.

ఊరి సచివాలయంలో పథకాలు చూసే అఖిల ట్యాబ్ మీద వేలు జరిపి జరిపి చివరికి తలెత్తింది.

"రహిమక్కా, నీ పేరు ఎదురుగా 'అనర్హులు' అని వస్తోంది. పని చేసిన ఆధారం లేదంట. వృత్తి అన్న చోట గృహిణి అని ఉంది."

"ఎవరు చెప్పారంట?"

"సర్వేలో మీ ఇంట్లోవాళ్ళే చెప్పారు."

రహిమున్నీసా ఇంటికొచ్చి అల్లాబక్షుని నిలదీసింది. ఆయన చూరు వంక చూస్తూ ఒప్పుకున్నాడు. మూడేళ్ళ కిందట సర్వే మనిషి వచ్చి, "మీ ఆవిడ ఏం చేస్తుంది?" అని అడిగితే, "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నాడట. వెనక మిషను చప్పుడులో సర్వే మనిషికి సరిగా వినబడక మళ్ళీ అడిగితే, ఇంకాస్త గట్టిగా అరిచి చెప్పాడట.

"ఆ చప్పుడు ఎవరు చేస్తున్నారనుకున్నావయ్యా?"

"నాకేం తెలుసే, ఇల్లన్నాక చప్పుడుండదా?"

ఆ రాత్రి ఆయన కూర తనే వడ్డించుకున్నాడు.

మర్నాడు అఖిల మళ్ళీ కబురు చేసింది. అనర్హుల అభ్యంతరాలు వినడానికి గురువారం గుంటూరు నుంచి బుల్లయ్యగారనే అధికారి వస్తున్నారు. ఇన్నేళ్ళు పని చేసినట్టు ఏదైనా ఆనవాలు చూపిస్తే ఆయన మార్పించగలరు.

"నా ఓణీల ఫంక్షన్ జాకెట్టు కుట్టింది నువ్వేనని నాకు తెలుసక్కా. కానీ ట్యాబ్‌కి తెలియదుగా" అంది అఖిల. "కొట్టు ఫోటో ఏమైనా ఉందా?"

"వసారాకి ఫోటో ఏంటమ్మా?"

"బోర్డు? బిల్లు పుస్తకం?"

బోర్డు లేదు. బిల్లు అన్న మాట ఎత్తితే ఊళ్ళో ఆడవాళ్ళు పోట్లాటకొస్తారు. గోడ మీద సుద్దతో రాసుకున్న పేర్లన్నీ ఏటా రంజానుకి ముందు వేసే సున్నం కింద పొరలు పొరలుగా పడుకుని ఉన్నాయి.

ఆనవాలు లేకపోలేదు. ఉంది. మంచం కింద, తగరపు పెట్టెలో. అది బయటపెట్టడానికే రహిమున్నీసా వెనకాడింది.

జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు కొలత కోసం ఒక పాత జాకెట్టు ఇస్తారు, దాన్నే ఆది అంటారు. కొత్తది కుట్టాక ఆది తిరిగిచ్చేయాలి. ఇచ్చేస్తే ఏమవుతుంది? ఆ ఆది చంకలో పెట్టుకుని ఆవిడ మరుసటి పండక్కి ఇంకో దర్జీ గుమ్మం ఎక్కుతుంది. ఈ సంగతి రహిమున్నీసా పని మొదలెట్టిన తొలి ఏడే గ్రహించింది. అందుకని ఆది అడిగిన వాళ్ళందరితో, "ఇచ్చేశానుగా వదినా, మీ బీరువాలోనే ఉంటుంది, సరిగ్గా చూడు" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహంలో ఉండే అమాయకత్వానికి ఎంతటివాళ్ళైనా వెళ్ళి బీరువా వెతుక్కోవాల్సిందే, దొరక్క మళ్ళీ ఆమె దగ్గరికే రావాల్సిందే. ఇరవై రెండేళ్ళలో అలా నూట నలభై మూడు పోగయ్యాయి. ఒక్కొక్క దానికీ ఒక అట్టముక్క గుచ్చి, ఎవరిది, ఏ ఏడు, ఏ శుభకార్యం, ఎక్కడ వదులు, ఎక్కడ బిగువు, అన్నీ పెన్సిలుతో రాసి పెట్టుకుంది. ఆ పెట్టె సంగతి ఆమెకీ అల్లాబక్షుకీ తప్ప నరమానవుడికి తెలియదు.

"చూపిస్తే పరువు పోతుంది" అంది భర్తతో.

"చూపించకపోతే పదివేలు పోతాయి" అన్నాడాయన.

"నోరు మూసుకో. నీ నోటి వల్లే ఇదంతా."

గురువారం పొద్దున అల్లాబక్షు పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. వెనక రహిమున్నీసా కొంగు తల మీద మామూలుకన్నా ఇంకో జానెడు కిందికి లాక్కుని నడిచింది.

బుల్లయ్యగారు కిటికీ పక్కన బల్ల వేయించుకుని కూర్చున్నారు. కిటికీ బయట గిరుల్లో వేరే పనుల మీద వచ్చిన ఆడవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. రహిమున్నీసా కిటికీకి వీపు అడ్డం పెట్టి పెట్టె తెరిచింది.

"ఏంటమ్మా ఇవి?"

"ఆది జాకెట్లండి."

"కొలతలు రాసుకున్న పుస్తకం లేదా? టేపు వాడవా?"

"టేపు అబద్ధాలు చెప్తుందండి. అది చేతిలో పట్టుకోగానే ఆడవాళ్ళు ఊపిరి బిగబడతారు."

బుల్లయ్యగారు దగ్గారు. మాస్కు వెనక నవ్వారో దగ్గారో తేలలేదు. ఒక జాకెట్టు తీసి అట్టముక్క చదివి పక్కన పెట్టారు.

"చూడమ్మా, పాతబట్టలవాడి దగ్గర మూట కొంటే ఇలాంటివి వంద వస్తాయి. ఈ అట్టలు నిన్న రాయలేదని నమ్మకమేంటి? ఇవి ఎవరివో, ఎప్పటివో చెప్పేవాళ్ళుండాలి."

చెప్పేవాళ్ళు కిటికీ అవతలే ఉన్నారు. రహిమున్నీసా ఒకసారి వెనక్కి చూసింది. ఒకసారి తన మోకాళ్ళ వంక చూసుకుంది. తర్వాత నెమ్మదిగా కిటికీకి అడ్డం తప్పుకుని, పైనున్న ఆకుపచ్చ కలంకారీ జాకెట్టు తీసి జెండా ఎత్తినట్టు ఎత్తి పట్టుకుంది.

"ఒసేయ్ రహిమా!" కిటికీ బయట నుంచి వెంకటరావమ్మ కేక. మిర్చి కోతకి కూలీల్ని పిలిచే గొంతు అది, మూడు చేల అవతలికి వినబడుతుంది. "అది నాదే! పదకొండేళ్ళ నుంచి ఇల్లంతా తిరగేస్తున్నాను కదే! మా ఆడపడుచు ఎత్తుకుపోయిందని రెండేళ్ళు మాట్లాడటం మానేశాను!"

"పదకొండేళ్ళంటే ఏ సంవత్సరమమ్మా?" అన్నారు బుల్లయ్యగారు కలం పట్టుకుని.

"రెండువేల తొమ్మిది. మా పెద్దమ్మాయి పెళ్ళి."

బుల్లయ్యగారు అట్టముక్క చూశారు. 'వెంకటరావమ్మ వదిన, 2009, పెద్దమ్మాయి పెళ్ళి, చంక కింద వదులు' అని ఉంది. ఆయన రాసుకున్నారు.

అంతే, గిరులన్నీ చెరిగిపోయాయి. రాఘవమ్మది నేరేడు రంగు, మనవడి బారసాల, రెండువేల పద్నాలుగు. ఇంకొకామెది గృహప్రవేశం. వేరొకామె తన జాకెట్టు ఎలుకలు కొరికి ఉంటాయని నమ్మి ఆ ఏడు పిల్లిని పెంచిందట. ఒక్కొక్కరూ తిట్టుకుంటూ తేదీ చెప్పడం, బుల్లయ్యగారు అట్టతో సరిచూసి టిక్కు పెట్టుకోవడం. అఖిల కుర్చీ ఎక్కి, "దూరం, దూరం పాటించండమ్మా!" అని అరుస్తూనే తన ఓణీల నాటి గులాబీ జాకెట్టు కనబడేసరికి దిగిపోయి అది లాక్కుంది.

"మొత్తానికి వీళ్ళెవ్వరికీ తిరిగివ్వలేదన్నమాట" అన్నారు బుల్లయ్యగారు.

రహిమున్నీసా తల వంచుకుంది. "ఇవ్వలేదండి. ఇచ్చేశానని చెప్పాను."

"ఇంకెవరికైనా ఫిర్యాదు ఉందా?" అని ఆయన బయటికి కేకేశారు. మరో ఆరుగురు చేతులెత్తారు. "చాలు చాలు. ఇంతమంది ఇన్నేళ్ళ బట్టి తిడుతున్నారంటే, ఇంతకన్నా పని చేసిన ఆధారం ఇంకెక్కడుంటుంది?" అని ట్యాబ్ తీసుకుని, గృహిణి అన్న మాట తన చేత్తోనే కొట్టేసి దర్జీ అని పెట్టారు.

ఆది జాకెట్లన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. పెట్టె ఖాళీ. ఆ రోజు సాయంత్రం రహిమున్నీసా అన్నం సరిగా తినలేదు. పేరైతే ఎక్కింది గానీ గిరాకీ అంతా గడప దాటిపోయిందని ఆమె బెంగ. అల్లాబక్షు ఓదార్చబోయి, ఏం మాట్లాడితే ఏమవుతుందోనని ఖాళీ పెట్టెని మళ్ళీ మంచం కిందికి తోశాడు.

సాయం పడింది. మోటారు వచ్చింది. దసరా దగ్గరపడేసరికి కట్టడి సడలి ముహూర్తాలు మొదలయ్యాయి. ఊళ్ళో ఆడవాళ్ళు దొరికిన ఆదులు బయటికి తీసి, అద్దం ముందు నిలబడి తొడుక్కోబోయి, తలుపులు వేసుకుని కాసేపు ఆలోచించి, ఒకరి వెంట ఒకరు రహిమున్నీసా వసారాకే వచ్చారు. పదేళ్ళ కిందటి ఆదితో కొత్త దర్జీ దగ్గరికి వెళ్ళే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అందరికన్నా ఆఖరున వెంకటరావమ్మ వచ్చింది. మోటారు రయ్యిమంటోంది. ఆమె ఆకుపచ్చ కలంకారీని మిషను మీద విసిరి కొట్టింది.

"పదకొండేళ్ళు పెట్టెలో కుక్కి నా జాకెట్టుని కురచ చేసేశావు కదే! చూడు, మోచెయ్యి దాటి పైకెక్కడం లేదు!"

రహిమున్నీసా మోటారు ఆపి, జాకెట్టుని మడత విప్పి చూసి, చాలా మర్యాదగా చెప్పింది.

"జాకెట్టు పెట్టెలోంచి కదల్లేదు వదినా, తిని తిరిగింది నువ్వే."