మోకాలి మిషన్‌కు నూనె బొట్టు

నాతోని ఒక పెద్ద ఆపరేషన్ ఆగబోయింది. కత్తి పట్టలే, సూది పట్టలే. చిటికెడు కుంకుమ పట్టిన, గంతే. నవ్వుతె నవ్వుండ్రి గానీ నవ్విండ్రని మా అత్తకు మాత్రం చెప్పకుండ్రి.

అప్పుడు నేను కొత్తల్లుణ్ణి. మోకాళ్లు అరిగి అత్త మాహూర్ రేణుకమ్మ గుడి మెట్లెక్కక ఏండ్లాయె. నాందేడ్‌ల డాక్టరు, "కంప్యూటర్ సాయంతోని మోకాలు మారుస్తం" అన్నడు.

"అల్లుడా, కంప్యూటర్ ఏం జేస్తది?" అని ఆపరేషన్ నాడు దవాఖానల అత్త అడిగింది.

నాకు తెలుసా? తెల్వదు. తెల్వదంటే అల్లుని ఇజ్జత్ ఏంగావాలె?

"అంత అదే జేస్తది అత్తా! కోసుడు, పెట్టుడు, కుట్టుడు. డాక్టరు పక్కకు నిలవడి సూస్తడు."

అత్త మొఖం తెల్లవడ్డది. "కొత్త మిషనా?"

"మొన్ననే అచ్చిందట."

"పూజ జేసిండ్రా మరి?"

మీరే చెప్పుండ్రి, మనింట్ల కొత్త ట్రాక్టరొస్తె బొట్టు పెట్టంది గేటు దాటనిస్తమా? "బొట్టు లేని మిషన్ కింద పండ. ఇయ్యాల వాపస్ పోతే మల్ల ఈ జన్మల రాను" అన్నది అత్త. నా భార్య చెవుల ఊదింది: "అమ్మ వాపస్ అచ్చిందంటే నువ్వు మీ అమ్మింటికే పో."

థియేటర్ బయట మిషన్ ఒక్కతే నిలవడ్డది. పొడుగు మెడ, మీద రెండు కండ్లు. రాలిపోవద్దని కుంకుమల నూనె కలిపిన, నాది ముందుచూపు గదా! దానికి నుదురు దొరకలే. కంటికొకటి పెట్టిన.

మిషన్ లోపలికి పోయిందో లేదో, లొల్లి! "కెమెరాకు ఏం కనవడ్తలేదు!" తుడిచినకొద్ది నూనె పారుతుంది.

డాక్టరు బయటికొచ్చి, "హే కోణీ కేలం?" అని, ఇది ఎవడు చేసిండని, మరాఠిల ఉరిమిండు. చేసినోడెవడో వాడు గోడకు బల్లి లెక్క అతుక్కున్నడు. స్ట్రెచర్ మీద పండుకొనే అత్త గర్వంగ చెయ్యెత్తింది.

"మా అల్లుడే సార్!"

"కెమెరా సాఫ్ కాకుంటే ఆపరేషన్ క్యాన్సల్" అన్నడు సారు. నా గుండె జారి చెప్పులల్ల వడ్డది. నర్సు మందేసి రుద్దంగ రుద్దంగ మిషన్ కండ్లు తెరిచింది. అప్పుడు సారు అత్తకు సమ్జాయించిండు: "అమ్మా, మిషన్ ఎముక ఎంత వంకరుందో సూపెడ్తది. కోసేది నేనే."

అత్త నా దిక్కు తిరిగింది. "అల్లుడా! కోసేది సారేనట. కుంకుమ మిగిలిందా? జల్ది సారు చేతులకు పెట్టు!"

సారు రెండు చేతులు ఎనకకు దాసుకొని లోపలికి ఉరికిండు.

ఆపరేషన్ మంచిగైంది. మొన్న మాహూర్‌ల అత్త టకటక ఎక్కింది, నేనే ఆగాగి ఎక్కిన. అక్కడ రేణుకమ్మ ముంగట చెంపలేసుకొని ఒట్టు పెట్టిన: తల్లీ, ఇగ తెల్వని మిషన్ గురించి నోరు తెరువ. మా ఇంట్ల మిక్సీ గురించి అడిగినా సరే, నా భార్యనే అడుగుమంట.