నాన్న కోసం గ్యారేజీలో పరిచిన ఆకుపచ్చ షీటు

మా చిన్నతనంలో మాకు కారు లేదు... గ్యారేజీ మాత్రం ఉండేది! ఢిల్లీ వసంత్ కుంజ్‌లో రెండో అంతస్తు అద్దె ఇల్లు, లిఫ్టు లేదు. ఆ ఇంటితో పాటు కింద ఒక గ్యారేజీ వచ్చింది. అమ్మ అందులో ట్రంకు పెట్టెలు, విరిగిన కుర్చీలు పడేసి తాళం వేసుకుంది.

నాకు పదకొండేళ్లప్పుడు ఆ సామాను ఓ మూలకి నెట్టి నాన్నకి మంచం వేశాం. నాన్న సైన్యంలో హవల్దారు. ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ గీసుకుంటూ కూలిపోయారు... ఎడమ వైపు పక్షవాతం. ఆసుపత్రి నుంచి తెచ్చాక మెట్లెక్కించే దారి లేక గ్యారేజీలోనే ఉంచాం. పొయ్యి కిందికి వచ్చేసింది, గూట్లోకి వెంకన్న పటం వచ్చేసింది. అదే మా ఇల్లయింది.

వ్యాయామం చేయించడానికి వచ్చే దీదీ అమ్మకి ఖరాఖండీగా చెప్పింది. రోజూ నడిపించాలి, ఈ చలికాలం మంచంలోనే గడిచిపోతే ఆ కాలు బిగుసుకుపోతుంది, ఇక రాదు అని.

నడిపించాలి సరే... ఎక్కడ? ఢిల్లీ చలిలో ఆ సిమెంటు నేల తగిలితే ప్రాణం జివ్వుమనేది. పైగా గరుకు. నాన్న ఎడమ కాలు ఈడ్చేవారు, స్పర్శ లేదు కదా, వేళ్లు ఒరుసుకుపోయి రక్తం వచ్చినా తెలిసేది కాదు. జంపఖానా పరిచాం... మడతలో కాలు చిక్కుకుంది. చాప వేశాం... మనిషితో పాటు అదీ కదిలిపోయింది. ఏం చేయాలో తోచక అమ్మ ఆ చాప మీదే కూలబడి ఏడ్చేసింది.

ఒక ఆదివారం పక్కింటి ఆంటీని నాన్న దగ్గర కూర్చోబెట్టి, నేనూ అమ్మా మునిర్కాలో కొట్టుకి పరిగెత్తాం. కొట్టతను రెండు రకాలు పరిచాడు. ఒకటి గీతలు గీతలుగా ఉన్న నల్లటి రబ్బరు, ఒకటే టైరు వాసన. రెండోది నున్నటి ప్లాస్టిక్ షీటు, ఆకుపచ్చ రంగు.

"బహన్‌జీ, గ్యారేజ్ కే లియే తో రబ్బర్ హీ ఠీక్ హై," అని గ్యారేజీకి రబ్బరే మేలన్నాడతను.

"ఛీ! ఈ కంపుదాన్ని దేవుడి ముందర ఎలాగ పరుస్తామే?" అంది అమ్మ నాతో.

"ఆకుపచ్చది బాగుందమ్మా, గడ్డిలా ఉంది." ఆ మాట అన్నది నేనే...

అమ్మ ఊరికే కొనే మనిషి కాదు. షీటు మీద అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. నన్ను గెంతమంది. జారలేదు. అప్పుడే కోయించింది. అమ్మ కాళ్లకి కాన్వాసు బూట్లు, నా కాళ్లకి స్కూలు బూట్లు ఉన్నాయన్న సంగతి మా ఇద్దరి బుర్రకీ తట్టలేదు! మా ఇంట్లో చెప్పు గుమ్మం దాటి లోపలికి రాదు. దేవుడూ పొయ్యీ ఉన్నచోటికి అసలే రాదు. నాన్న నడవాల్సింది ఉన్ని మేజోళ్లతో.

మర్నాడు అమ్మ భుజం పట్టుకుని మూడు అడుగులు వేశారు. నేను చప్పట్లు కొట్టాను. నాలుగో అడుగులో బాగున్న కాలే సర్రుమని జారింది. అమ్మనీ లాక్కుని వెల్లకిలా పడ్డారు.

ఎముకలు విరగలేదు, అదొక్కటే అదృష్టం. కానీ మళ్లీ మంచం దిగలేదు.

"ఒగ్గీయే... నా వల్ల కాదు," అని నత్తి మాటతో గోడ వైపు తిరిగి పడుకున్నారు. పది రోజులు! దీదీ వచ్చి బతిమాలినా లేవలేదు. నూనె రాస్తున్నప్పుడు ఆ కాలు కట్టెలా తగులుతోందని అమ్మ మొహం చూస్తేనే తెలిసేది. ఆ షీటు తొక్కకుండా నేను గోడ వారనే నడిచేదాన్ని. రంగు బాగుందని మా నాన్నని నేనే పడేశానని ఎవరితో చెప్పుకోను?

పదకొండో రోజు అమ్మ ట్రంకు పెట్టె తెరిచి నాన్న పాత పీటీ బూట్లు తీసింది. రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు. సబ్బుతో కడిగి, ఆరబెట్టి, గుమ్మం దాటించి లోపలికి తెచ్చింది.

"అమ్మా! లోపలికా?" అన్నాను.

అమ్మ తిన్నగా గూటి దగ్గరికి వెళ్లి వెంకన్న పటాన్ని గోడ వైపు తిప్పేసింది.

"నువ్వు కొన్నాళ్లు అటు సూడు సామీ. అపచారమైతే నా మీద ఏసుకో."

నాన్న ఇటు తిరిగి ఆ పటం వెనక అట్ట చూశారు. "ఏటే... నాకోసం దేవుడికి శిచ్చేసినావా?"

"అవును. ఆయన్ని ఇటు తిప్పాల్సింది మీరే. లెగండి," అని అమ్మ కింద కూర్చుని లేసులు బిగించింది.

లేచారు. ఆ రోజు రెండే అడుగులు. తర్వాతి రోజు రెండు కూడా లేవు. రోజూ పొద్దున అమ్మ ఆ పటం వెనక అట్టకే దీపం పెట్టేది, నేను దానికే దండం పెట్టేదాన్ని. స్వెట్టర్లు కడిగి మూట కట్టే రోజులొచ్చాక, ఎవరినీ పట్టుకోకుండా నాన్న గూటిదాకా నడిచారు. కుడి చేత్తో పటాన్ని ఇటు తిప్పారు.

అమ్మ కళ్లు తుడుచుకుని మొదట అన్న మాట... "ఇంక బూట్లిప్పండి, దేవుడు సూస్తున్నాడు."

మొన్న గ్రేటర్ నోయిడాలో మా కొత్త ఇంటి గ్యారేజీకి నేల మీద పరిచేది కొనాలని వెళ్లాం. షోరూములో బూట్లు విప్పేసి, మేజోళ్లతో ఒక్కోదాని మీదా నడిచి చూశాను. "మేడమ్, గాడీ కే లియే హై నా?" కారు కోసమే కదా అని నవ్వాడు కొట్టతను. "మమ్మా, ప్లీజ్... సబ్ దేఖ్ రహే హైఁ," అని అందరూ చూస్తున్నందుకు మా అమ్మాయి సిగ్గుతో చచ్చిపోయింది. ఆ టైరు వాసన నల్ల రబ్బరే కొన్నాను.

మీ ఇంట్లో కూడా ఎవరైనా పెద్దయ్యాక మళ్లీ నడక నేర్చుకున్నారా? ఏ నేల మీదో చెప్పండి, చదవాలని ఉంది...

మాకిప్పుడు కారుంది. గ్యారేజీలో అస్సలు జారని నేల ఉంది. దాని మీద నడవడానికి నాన్న లేరు.