కుండలో పెంచిన ఊదగడ్డి

నా చిన్నప్పుడు నాకు తెలియనిదంటూ లేదని నా నమ్మకం. హన్మకొండలో మాది ధాన్యం దుకాణం. గుప్పెడు వడ్లు చేతిలో పోస్తే రకం చెప్పేదాన్ని. ఒక ఏడు ధర్మసాగర్ దగ్గర మా పెద్దమ్మ ఇంట్లో ఉండి చదువుకున్నాను.

ఒక ఆదివారం పెద్దమ్మ పొలంలో కలుపు తీయడానికి నేనూ వస్తానని ఎగబడ్డాను. వరిలో ఊదగడ్డి అచ్చం వరిలాగే మొలుస్తుంది. తలా ఒక మునుం, అంటే ఒక వరుస, పట్టి వంగాం. పక్క మునుంలో కూలికి వచ్చిన పొరుగింటి అక్క. "ఆకు మొదట్ల వరికి సన్న నాలుక ఉంటది బిడ్డా, ఊదకు నున్నగుంటది. తడిమి సూడు" అంది. అబ్బో, నాకు చెప్పొచ్చింది అనుకున్నాను. ఏపుగా ఉన్నది వరి, బక్కది గడ్డి అని తీర్మానించి చకచకా పీకేశాను.

మధ్యాహ్నం మా ఇద్దరి వెనక గట్టు మీది కుప్పలో పెద్దమ్మ వరి మొక్కలు చూసింది. "ఎవలే పీకింది?" అంది. నేను అక్క వైపు చేయి చూపించాను. ఛీ, ఆ చేయి ఎలా లేచిందో! అక్క నన్నొకసారి చూసి, "నేనే అత్తా, జర సూపు ఆనలే" అంది. "రేపటి సంది నువ్వు రాకు తియ్" అంది పెద్దమ్మ, అందరి ముందు. కూలి లేకపోతే అక్క ఇల్లు గడవదు.

నా పొగరు మాత్రం తగ్గలేదు. నేను వదిలింది వరేనని నాకు నేనే రుజువు చేసుకోవాలని నా మునుంలోంచి ఒక మొక్కను వేళ్లతో తెచ్చి కుండలో నాటాను. "పెంచు, ఏమైతదో సూద్దాం" అంది పెద్దమ్మ. రోజూ నీళ్లు పోశాను. పొలంలో వరి ఇంకా పొట్టకు రాకముందే నా కుండలోది ఈనింది. పొట్టిపొట్టి వెన్నులు, ఎర్రబారిన గింజలు. "ఇది నీ మునుంలదే గద?" అని మాత్రం అడిగింది పెద్దమ్మ. సిగ్గుతో చచ్చిపోయాను.

కుండ చంకనెత్తుకుని అక్క ఇంటికి పోయి, తప్పు నాదేనని ఏడ్చాను. "నిన్ను కొడ్తరని అట్లన్న. ఫికర్ చెయ్యకు తియ్" అని, నా వేలు పట్టుకుని ఆ నున్నటి చోట తడిమించింది.

కోతలకు పెద్దమ్మ ఆమెను మళ్లీ పిలిచింది. "ఓ పిల్లా, కోసేది వరేనా, ఊదనా? జర సూస్కో!" అని తోటి ఆడవాళ్లు ఎగతాళి చేస్తే అక్క నవ్వి వంగింది. నేను గట్టు మీదే ఉన్నాను. పనలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నాను.

ఇప్పుడు కళ్లు మూసుకుని కూడా ఊదను పోల్చుకోగలను. మా ఇంట్లో పిల్లలు తప్పు ఒప్పుకున్నామంటే, ఎవరి ముందు ఒప్పుకున్నారని అడుగుతాను. నేను నింద వేసింది నలుగురిలో. ఒప్పుకున్నది మాత్రం ఆమె ఒక్కదాని ముందే.