గెలిచినా కదలని జట్టుకు గీతలు గీసే మనిషి

"...చెరిపెయ్యడానికి ఇదేమన్నా నీ అబ్బసొత్తా వాల్టర్?"

"నీ అబ్బసొత్తా మరి? ఊరిది. నిన్న శుక్రవారం, నీది. ఇవాళ శనివారం, నాది."

"వచ్చే శుక్రవారం మళ్ళీ నాదే కదయ్యా! ఆ అంకెలన్నీ ఎవడు వేస్తాడు మళ్ళీ?"

"నేనే వేస్తా. తొమ్మిదేళ్ళ నుంచీ ఎవడు వేస్తున్నాడనుకున్నావ్, మీ ఆవిడా?"

ఉదయం ఎనిమిదయింది. హైస్కూల్ కోచ్ డ్వయర్ చేతిలో కాఫీ గ్లాసుతో మైదానం నడిమధ్యన, యాభై గజాల గీత మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా గ్వాల్టర్ ఫుర్తాదో (ఇక్కడి దొరలకు నోరు తిరగక వాల్టర్), వీపు మీద రంగు పిచికారీ డబ్బా, మోచేతుల దాకా ఆకుపచ్చ. నేను పైన రేకుల కప్పు మీద ఆట ప్రసారానికి కెమెరా బిగించుకుంటున్నాను. స్టేడియంలో ఇంకో ప్రాణి లేదు కాబట్టి తిట్లు ఒక్క అక్షరం పోకుండా పైకి వినబడుతున్నాయి.

అమెరికా తూర్పు తీరాన మా ఫాల్ రివర్‌లో స్టేడియం ఒకటే, ఆటలు రెండు. శుక్రవారం సాయంత్రం హైస్కూల్ పిల్లల గుడ్డు బంతి. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకు ఫుట్‌బాల్ అని పేరు పెట్టుకుని, నిజంగా కాలితో ఆడేదానికి సాకర్ అని ఇంకో పేరు తగిలించిన దేశం ఇది. శనివారం మా హార్బర్ యునైటెడ్ సాకర్. దేనితో యునైటెడ్ అయిందో ఎవరికీ తెలియదు. ఇంగ్లండులో పేరున్న జట్లకు ఆ మాట ఉంది కాబట్టి మాకూ పెట్టారు. మూడో స్థాయి లీగ్, కానీ జీతాలిచ్చే జట్టే. ఆ జీతంతో బతకలేక మా గోల్‌కీపర్ వారమంతా సామాన్ల వ్యాన్ నడుపుతాడు.

గుడ్డు బంతి ఆటకు అయిదేసి గజాలకొక తెల్ల గీత, పదేసి గజాలకొక పెద్ద అంకె కావాలి. మా గీతలు వాటి మీదే, పసుపు రంగులో. తెలుపు వాళ్ళది కాబట్టి మాకు పసుపు. అద్దెకున్నవాళ్ళం కదా. పైనుంచి చూస్తే దర్జీ సుద్దముక్కతో గీసి, కత్తిరించకుండా వదిలేసిన గుడ్డలా ఉంటుంది. మొన్న సెప్టెంబర్‌లో మా గోల్‌కీపర్ తెల్ల గీతను పెనాల్టీ గీత అనుకుని రెండడుగులు బయటికొచ్చి బంతిని చేత్తో పట్టుకున్నాడు. అసలు గీత దాటాక గోల్‌కీపరైనా చెయ్యి పెట్టకూడదు. ఎర్రకార్డు. ప్రపంచంలో ఇంకెక్కడా ఏ గోల్‌కీపరూ ఇలాంటి తప్పు చెయ్యడు, చేద్దామన్నా కుదరదు.

ఈ శనివారం లీగ్ ఫైనల్. మధ్యాహ్నం ఒంటిగంటకు. ఒక్క ఈ ఆటకన్నా వాళ్ళ గీతలన్నీ కప్పేసి మా గీతలు తెల్లగా వేస్తానని గ్వాల్టర్ ఎవరినీ అడక్కుండా తెల్లవారగానే మొదలుపెట్టాడు.

మనిషి సంగతి చెప్పాలి. అట్లాంటిక్ నడుమ పోర్చుగల్ వాళ్ళ సావో మిగెల్ దీవిలో ఓ పల్లె నుంచి ఇరవై రెండేళ్ళకు ఇక్కడికి వచ్చాడు. మా ఊళ్ళో సగం మంది అలా వచ్చినవాళ్ళే, మా అమ్మమ్మతో సహా. ముప్ఫై ఒక్క ఏళ్ళు బట్టల మిల్లులో అద్దకం పని. మిల్లు మూతపడ్డాక ఊరి పార్కుల్లో గడ్డి కోసే ఉద్యోగం. ఇప్పుడు అరవై నాలుగు. మంచివాడని మాత్రం చెప్పను. మనవణ్ణి బేస్‌బాల్‌లో చేర్పించాడని అల్లుడితో నాలుగేళ్ళుగా మాట్లాడడు. మసాలా సాసేజ్ పెట్టిన రొట్టె పక్కవాడి ముందే మొత్తం తినేస్తాడు, ముక్క ఇవ్వడు. కానీ రంగు కలిపితే మాత్రం దండం పెట్టాలి. కొట్లో దొరికే ఆకుపచ్చ బిలియర్డ్స్ బల్లకు పనికొస్తుందంటాడు. అక్టోబర్ గడ్డి సగం ఎండుగడ్డే కదా. అందులో కాస్త పసుపు, చిటికెడు మట్టిరంగు వేసి, అరచేతిలో పూసుకుని, ఎండలో ఆరబెట్టి, చూసి, తిట్టి, మళ్ళీ కలుపుతాడు. పదడుగుల దూరం నుంచి కప్పిన గీత ఎక్కడుందో నేనే కనిపెట్టలేకపోయాను.

కోచ్ పంతం వదల్లేదు. చివరికి మా జట్టు యజమాని హాల్‌స్టెడ్ వచ్చాడు. కార్లు కడిగే దుకాణాలు పద్నాలుగు ఉన్నాయి ఈయనకు. సాకర్ మీద ఇష్టంతో జట్టు కొన్నానంటాడు, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇప్పటికీ పక్కవాణ్ణి అడుగుతాడు.

"వదిలెయ్ వాల్టర్. అంకెలుంటేనే జనానికి మన ఊరి గ్రౌండ్‌లా ఉంటుంది."

"ఫైనల్ సార్ ఇది!"

"ఫైనలయితే? ఇప్పటిదాకా చెరిపింది చాల్లే."

అలా తేలింది పంచాయితీ. యాభై గజాల గీతకు అటువైపు శుభ్రమైన పచ్చిక, తెల్లటి సాకర్ గీతలు. ఇటువైపు పాత అంకెల కొలబద్ద, పసుపు గీతలు. సగం సగం. ఈ దేశపు సాకర్‌ను గురించి పెద్దవాళ్ళు రాసే పుస్తకాలన్నిటికంటే ఆ మైదానం ఎక్కువ చెప్పిందని నా అభిప్రాయం.

గ్వాల్టర్‌కు అసలు బాధ గీతలు కాదు. వాళ్ళ అన్నయ్య ఎదుయీనో.

ఎదుయీనో ఆ పల్లెలోనే ఉన్నాడు, డెబ్భై ఒకటి. ఈ వేసవిలో వాళ్ళ పల్లె జట్టు దీవి లీగ్ గెలిచి పై లీగ్‌కు వెళ్ళింది. ఎద్దును కోసి ఊరంతటికీ పెట్టారట. ఆ కబురు ఫోన్లో గంటసేపు చెప్పుకొచ్చాడు. ఇవతల గ్వాల్టర్ ఉండబట్టలేక, "మా జట్టూ ఫైనల్ గెలిస్తే పైకే అన్నయ్యా" అనేశాడు. అబద్ధమాడాలని కాదు. గెలిచినవాడు పైకి వెళ్ళడం, ఓడినవాడు కిందికి దిగడం అతనికి ఆలోచించాల్సిన సంగతే కాదు. వాన కిందికే పడుతుందా అని ఎవరైనా అడుగుతారా? తొమ్మిదేళ్ళలో మా జట్టు ఎప్పుడూ ఫైనల్ మొహం చూడలేదు కాబట్టి అడగాల్సిన అవసరమూ రాలేదు.

ఆగస్టులో మాత్రం ఎందుకో అనుమానమొచ్చి హాల్‌స్టెడ్‌ను అడిగాడు. నేనక్కడే ఉన్నాను.

"సార్, గెలిస్తే వచ్చే ఏడాది పై లీగే కదా?"

హాల్‌స్టెడ్ పడీ పడీ నవ్వాడు. "గెలిస్తే వెళ్ళరు వాల్టర్. కొంటే వెళ్తారు. పై లీగ్‌లో చోటు మొన్న ఒక ఊరికి యాభై కోట్ల డాలర్లకు అమ్మారు. నీ దగ్గరుంటే చెప్పు, రేపే వెళ్దాం."

"మరి వాళ్ళలో ఓడినవాళ్ళు?"

"వాళ్ళకేం? అక్కడే ఉంటారు."

అక్కడే ఉండటం ఒక్కటే కాదు, బహుమతి కూడా. ఏడాదంతా తన్నులు తిని అట్టడుగున నిలిచిన జట్టుకు, మరుసటి ఏడాది కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళలో ముందుగా ఏరుకునే హక్కిస్తారు. ఇంగ్లండులో, స్పెయిన్‌లో సీజన్ ఆఖరి రోజున కింది జట్ల ఊళ్ళలో పెద్ద పెద్ద మగాళ్ళు ఏడుస్తారు. మా దగ్గర ఆఖరి జట్టు వాళ్ళు హాట్‌డాగ్‌లు తిని ఇంటికెళ్తారు. భయం లేని చోట ఆట ఎలా పెరుగుతుంది? టీవీలో మేధావులు మాత్రం అమెరికా సాకర్ పెరుగుతోంది, పెరుగుతోంది అని ముప్ఫై ఏళ్ళుగా ఒకటే పాట. ముప్ఫై ఏళ్ళుగా పెరుగుతూనే ఉన్న పిల్లాణ్ణి ఎవరైనా డాక్టరుకు చూపించాలి. యూరప్‌లో మోకాళ్ళు అరిగిన పెద్ద ఆటగాణ్ణి తెచ్చి సముద్రపు ఒడ్డున ఇల్లిస్తే ఆట పెరగదు. పిల్లాడు బంతి తన్నాలంటే ఏడాదికి మూడు వేల డాలర్లు కట్టమంటే అసలే పెరగదు. మా వీధిలో అందరికంటే బాగా ఆడిన పిల్ల ఇప్పుడు డోనట్ కొట్లో పని చేస్తోంది.

మావాళ్ళను కూడా వదలను. మా పోర్చుగీసు క్లబ్బులో శనివారాలు పొద్దుటి నుంచే టీవీ ముందు జనం. లిస్బన్ జట్ల బెంచీ మీద కూర్చునే మూడో గోల్‌కీపర్ పేరు కూడా వీళ్ళకు తెలుసు. రెండు వీధుల అవతల సొంత ఊరి జట్టు ఫైనల్ ఆడుతుంటే ఒక్కడూ లేచి రాలేదు. "అది ఆటేనా?" అంటారు. వీళ్ళు రాక అది ఆట కాలేదు, అది ఆట కాక వీళ్ళు రారు.

హాల్‌స్టెడ్ మాట విన్న రోజే గ్వాల్టర్ అన్నకు ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ రెండు నెలలు గడిపాడు. ఈలోగా ఎదుయీనో పల్లెంతా చాటేశాడు. అతని మనవరాలు ఇంటర్నెట్‌లో వచ్చే నా కెమెరా ప్రసారాన్ని వాళ్ళ ఊరి హాల్లో పెద్ద టీవీకి పెట్టడం నేర్చుకుంది. అవతల సాయంత్రం అయిదింటికి పల్లెకు పల్లె కుర్చీలేసుకుని కూర్చుంది.

హాఫ్‌టైమ్‌లో నేను నీళ్ళకోసం దిగాను. గ్వాల్టర్ పెనాల్టీ చుక్క మీద మళ్ళీ రంగేస్తున్నాడు. చేతులకు రంగు కాబట్టి ఫోన్ గడ్డి మీద పెట్టి స్పీకర్లో మాట్లాడుతున్నాడు.

"ఒరేయ్ గ్వాల్టర్, అదేం గ్రౌండ్రా? ఒక పక్క గడ్డి, ఒక పక్క కొలబద్ద! గోల్‌కీపర్ ఎంత దూరం తన్నాడో అంకె చూసి మార్కులేస్తారా?"

"అది పక్కవాళ్ళ ఆటది అన్నయ్యా."

"పక్కవాళ్ళది మీ గ్రౌండ్‌లో ఎందుకుంది?"

"గ్రౌండే వాళ్ళది."

ఎదుయీనో గొంతు మెత్తబడింది. "పోన్లే, పైకెళ్ళాక సొంతది కట్టిస్తార్లే. హాలు నిండిపోయింది ఇక్కడ. ఫాదర్ కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మనవాళ్ళు బాగా ఆడుతున్నార్రా, అబద్ధమెందుకు!"

"ఆఁ" అన్నాడు గ్వాల్టర్, చుక్క మీదే చూపు పెట్టి.

నిజంగానే బాగా ఆడారు. తొంభై నిమిషాలకు ఒకటీ ఒకటి. ఇంకో అరగంట ఆడాలి. సరిగ్గా మూడింటికి నా తెర మీద మైదానం మాయమైంది. ప్రసారం చేసే కంపెనీ మాకిచ్చింది రెండే గంటలు. ఆ తర్వాత ఎక్కడో ఒక హాల్లో మొక్కజొన్న గింజల సంచుల్ని చెక్కపలక కన్నంలోకి విసిరే పోటీ. ఆ పోటీకి వ్యాఖ్యాతలు ఇద్దరు. మా ఫైనల్‌కు ఒక్కడు, వాడూ నేనే. కంపెనీకి ఫోన్ చేసి అరిచాను. "సంచుల ఆటకే మాకు చూసేవాళ్ళెక్కువ సార్" అంది అవతల అమ్మాయి, చాలా మర్యాదగా.

ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్ళింది. శుభ్రంగా ఉన్న వైపే తన్నారు, గ్వాల్టర్ తెల్లగా దిద్దిన చుక్క మీద నుంచే. మా వ్యాన్ డ్రైవర్ గోల్‌కీపర్ రెండు ఆపాడు. గెలిచాం. పదకొండు వందల మంది అరుపు. నేను మెట్లు దిగుతూ కాలు మెలిపెట్టుకున్నాను, అది కూడా తర్వాతే తెలిసింది.

హాల్‌స్టెడ్ కప్పు పట్టుకుని మైకులో అన్నాడు: "వచ్చే ఏడాది కూడా ఇక్కడే, ఇదే లీగ్‌లో, ఇవే టికెట్ ధరలకు!" జనం చప్పట్లు కొట్టారు. వేరే ఏ దేశంలోనైనా ఛాంపియన్లకు ఆ మాట చెబితే కుర్చీలు విరుగుతాయి.

గ్వాల్టర్ జట్టు దగ్గరికి రాలేదు. కోచ్ డ్వయర్‌కు మాటిచ్చాడు కదా, అప్పుడే తెల్లరంగు కలపడం మొదలుపెట్టాడు. అంకెలు మళ్ళీ వెయ్యాలి. బకెట్ పక్కన ఫోన్ మోగుతోంది. ఆగింది. మళ్ళీ మోగింది.

"బాబాయ్, ఫోను."

"కనబడుతోంది."

"ఎత్తు మరి. ప్రసారం ఆగిపోయింది, వాళ్ళకేం తెలీదు. ఒకటీ ఒకటి దగ్గరే ఉండిపోయారు. గెలిచామని చెప్పు!"

"గెలిస్తే తర్వాతేంటని అడుగుతాడు. వచ్చే ఏడాది ఎవరితో ఆట అంటాడు. ఏం చెప్పను? మళ్ళీ వీళ్ళతోనే అనా?"

"నిజం చెప్పెయ్. ఇక్కడ పద్ధతే ఇంత అని."

"పద్ధతా?" కర్రతో రంగు కలుపుతూ అన్నాడు. "మీరేదో దొంగపని చేస్తే ఆపేశారంటాడు. లేకపోతే నేను మొదట్నుంచీ కోతలు కోశానంటాడు. ఫాదర్ ముందు, హాలందరి ముందు. గెలిచి ఉన్నచోటే ఉండటమేంట్రా డెలియో? ఎవడికైనా ఎక్కుతుందా అది? నాకే ఎక్కలేదు."

ఫోన్ నాలుగోసారి మోగింది. చొక్కాకు చెయ్యి తుడుచుకుని, తీసి, నా చేతిలో పెట్టాడు.

"నువ్వు మాట్లాడు. కెమెరావాడివి, నీ మాట నమ్ముతాడు. పెనాల్టీల్లో ఓడిపోయామని చెప్పరా. ఓడిపోవడమంటే వాళ్ళకు తెలుసు."